డయాలసిస్ గదిలో రెండో షిఫ్టు

నా మూత్రపిండాలు పని చెయ్యడం మానేసిన దగ్గర్నుంచి వారానికి మూడు మధ్యాహ్నాలు గోదావరిఖనిలో ఒక దవాఖాన మొదటి అంతస్తులో గడిపాను. ఆ దవాఖాన పేరు ఇక్కడ అవసరం లేదు. గదిలో మంచాలు, ఒక్కో మంచం పక్కన ఒక్కో యంత్రం, కిటికీ అద్దాల మీద ఎంత తుడిచినా పోని సన్నటి నల్లపొడి. పొద్దున వచ్చేవాళ్లది మొదటి షిఫ్టు, మధ్యాహ్నం వచ్చేవాళ్లది రెండో షిఫ్టు. ఈ పేర్లు దవాఖానవాళ్లు పెట్టలేదు. రోగుల్లో ఎక్కువమంది గనుల్లో చేసి రిటైరైనవాళ్లు. షిఫ్టు అనకుండా పూటను చెప్పడం వాళ్లకు రాదు.

నేనూ గనిలోనే చేశాను గాని కిందికి దిగే పని కాదు. దీపాల గదిలో గుమాస్తాని. కిందికి పోయే ప్రతి మనిషికీ టోపీకి తగిలించుకునే దీపం ఒకటి ఉంటుంది, దానికో నెంబరు ఉంటుంది. కిటికీలోంచి టోకెన్ తీసుకుని దీపం ఇవ్వడం, మనిషి పైకొచ్చాక దీపం తీసుకుని టోకెన్ ఇవ్వడం నా పని. ఆ ఉద్యోగం మా భూమికి బదులుగా వచ్చింది. ఒకప్పుడు మా ఊళ్లో తరి పొలమంతా మాది. ఇప్పుడు ఆ ఊరు లేదు. ఓపెన్‌కాస్టు గని తవ్వినప్పుడు తీసిన మట్టిని గుట్టగా పోసిన చోట మా గడి, దొరల కాలం నాటి పెద్ద ఇల్లు, ఉండేది. బస్సులో పోతుంటే ఆ గుట్ట కనిపిస్తుంది. దాని మీద సర్కారు తుమ్మ మొలిచింది. ఆ విషయంలో నేను చెప్పదలుచుకున్నది అంతే.

ఇంట్లో నేర్పినవి కొన్ని నాలో మిగిలాయి. ఇస్త్రీ చెయ్యని చొక్కాతో గడప దాటను. దవాఖానకు నా దుప్పటి నేనే తీసుకుపోతాను. బరువు చూసే మిషన్ దాకా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడుస్తాను. సూది గుచ్చినప్పుడు మొహం తిప్పుకోను.

నా మంచం మీద పొద్దున పూట పడుకునేవాడు కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైరైన మనిషి. పేల్చిన బొగ్గును తట్టకెత్తి టబ్బుల్లో పోసే పని అది. యంత్రాలు వచ్చాక ఆ పని పోయింది, ఆ భుజాలు మాత్రం అలాగే ఉన్నాయి. అతని తండ్రి మా ఇంట్లో పాలేరుగా జీతం ఉన్నాడు. ఈ సంగతి అతను మరిచిపోలేదు, నన్నూ మరిచిపోనివ్వడు. మొదటి షిఫ్టు అయిపోయాక కొడుకు డ్యూటీ దిగి బండి మీద వచ్చేదాకా వరండాలో బల్ల మీద కూర్చునేవాడు. నేను అప్పుడే వెళ్లేవాణ్ణి.

"ఏం దొరా, మంచం ఎచ్చగ జేసి పెట్టిన, పో," అనేవాడు. "నీళ్లు ఎన్ని తాగినవ్ నిన్న?"

"డాక్టర్ చెప్పినన్నే."

"మీ ఇంట్ల చెప్పుడే ఉండె గని, వినుడు ఎప్పుడు నేర్సినవ్?"

నేను దుప్పటి సర్దుకుని లోపలికి నడిచేవాణ్ణి. అతనికి జవాబు అక్కర్లేదు. ఆ మాట అనగలిగే చోటికి నేను వచ్చానన్న సంతోషం చాలు.

నా పక్క మంచం వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేసిన ఒక ముసల్మాను పెద్దమనిషిది. అందరూ చాచా అనేవారు. సన్నగా ఉండి, యంత్రం నడుస్తున్నంతసేపూ దాని చప్పుడు వింటూ, ఎక్కడ బేరింగు అరిగిందో తనలో తాను చెప్పుకునేవాడు.

ఆ గదిలో ఒక అలవాటు ఉండేది. గనిలో ఇద్దరు మాట్లాడుకుని షిఫ్టు మార్చుకోవడం పాత పద్ధతి. ఒకరింట్లో పెళ్లి ఉంటే ఇంకొకరు వాళ్ల షిఫ్టుకు పోతారు, మర్నాడో మరో రోజో వీళ్లు వాళ్ల షిఫ్టుకు వస్తారు. పని చూసే సర్దార్‌కు ఒక మాట చెబితే సరిపోతుంది. అదే పద్ధతిని వీళ్లు డయాలసిస్‌కు తెచ్చుకున్నారు. పెళ్లికి, చావుకు, కోర్టు పనికి మార్చుకునేవారు. మేడారం జాతరప్పుడైతే సగం గది తారుమారయ్యేది. నేను ఎన్నడూ మార్చుకోలేదు. నా వంతుకు నేను వెళ్లేవాణ్ణి.

ఈ మార్పులు సాగడానికి కారణం అప్పటి పాత సిస్టరమ్మ. ఆ గది తెరిచిన రోజు నుంచీ ఆమే ఉంది. ఎవరి మొహం చూసినా ఎవరన్నది ఆమెకు తెలుసు, ముందు గట్టిగా తిట్టేది, తర్వాత మార్చాల్సినవన్నీ మార్చేది. ఎందుకంటే ఇందులో మార్చాల్సినవి ఉంటాయి. రక్తాన్ని కడిగే గొట్టంలాంటి ఫిల్టర్‌ను శుభ్రం చేసి, పేరు అంటించి, మళ్లీ అదే మనిషికి వాడతారు. ఒకరిది ఇంకొకరికి పెట్టకూడదు. ఒంట్లోంచి ఎంత నీరు తియ్యాలన్నదీ మనిషి మనిషికీ వేరు. ఎక్కువ తీస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఆమె రిటైరైంది. ఆ పోస్టు నిండలేదు. పర్మనెంటు పోస్టు పోయి కాంట్రాక్టు పోస్టు వచ్చింది, ఒక ఏజెన్సీ మనుషుల్ని పంపేది. వచ్చిన ఆడపిల్లలు కొన్ని నెలలు పని నేర్చుకుని వెళ్లిపోయేవారు. డయాలసిస్ తెలిసిన నర్సంటే హైదరాబాదులో పెద్ద ఆసుపత్రులు పిలుస్తాయి. అక్కడ చేసినవాళ్లను గల్ఫు దేశాలు పిలుస్తాయి. ఈమధ్య జర్మనీ అంటున్నారు, భాష కూడా వాళ్లే నేర్పిస్తారట. టెక్నీషియన్‌కు కరీంనగర్‌లో ఎవరో కబురు పెట్టారు, అతనూ పోయాడు. కిడ్నీల డాక్టరు పోస్టులో ఎవరూ లేరు. హైదరాబాదు నుంచి అప్పుడప్పుడూ ఒకాయన వచ్చేవాడు, మిగతా రోజులు ఫోనులో చెప్పేవాడు. సూపరింటెండెంటు ఎముకల డాక్టరు. పక్క ఊరి దవాఖానకు కూడా ఆయనే ఇన్‌చార్జి.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో గని ముందు బదిలీ కార్మికులు గుంపుగా నిలబడి ఉండేవారు. ఎవరైనా డ్యూటీకి రాకపోతే ఆ ఒక్క రోజుకు వాళ్ల చోట పని దొరుకుతుందని ఎదురుచూపు. దీపాల కిటికీలోంచి నాకు వాళ్ల తలలు కనిపించేవి. అప్పుడు మనుషులు మిగిలి ఉండేవారు. ఈ గదిలో యంత్రాలు మిగిలి ఉన్నాయి, వాటిని నడిపేవాళ్ల కోసం గుమ్మం దగ్గర మేం నిలబడ్డాం.

టెక్నీషియన్ పోయాక, కింద వార్డులో రెండేళ్లుగా ఏజెన్సీ కింద చేస్తున్న ఒక అమ్మాయిని కొన్నాళ్లు హైదరాబాదు పంపించి పని నేర్పించి, పైకి మా గదికి వేశారు. కాసిపేట వైపు పిల్ల. తండ్రి గని కార్మికుడే. రెండు షిఫ్టులూ ఆమే చూడాలి. ఒక ఆయా తోడు. వచ్చిన వారంలోనే అందరి మొహాలూ గుర్తుపట్టడం ఎవరివల్లా కాదు. పైగా మూతులకు మాస్కులు, చలికాలం కాబట్టి తలలకు మఫ్లర్లు. మార్చుకోవడాలు బంద్ అని పైనుంచి ఆమెకు చెప్పి పంపారు. ఆమె మాకు చెప్పింది.

"అట్లెట్ల బంద్ జేస్తరు బిడ్డా? బాయిలనే ఉండె," అన్నాడు ఫిల్లర్. గనిని వాళ్లు బాయి అంటారు.

"ఇది బాయి కాదు కాకా, దవాఖాన," అంది.

ఆమె చెప్పింది అందరూ విన్నారు. కాని కొత్తగూడెంలో చాచా మనవరాలి పెళ్లి ఖాయమై ఉంది. రెండో షిఫ్టు చేసుకుంటే ఆయన పెళ్లికి అందలేడు.

ఆయన బయల్దేరాల్సిన రోజు నాకు బస్సు ఆలస్యమైంది. వరండాలో నడుస్తుండగా లోపల సిస్టర్ చాచా పేరు పిలవడం వినిపించింది. "హాజర్," అని జవాబు వచ్చింది. అది చాచా గొంతు కాదు. గనిలో హాజరు వేసే మస్టర్‌లో పలికినట్టు, పైకప్పుకు తగిలేలా పలికిన గొంతు ఫిల్లర్‌ది. నేను లోపలికి వెళ్లేసరికి అతను చాచా మంచం మీద ఉన్నాడు, సూదులు గుచ్చడం అయిపోయింది, యంత్రం తిరుగుతోంది.

"చాచా ఏడీ?" అని అడిగాను.

"పొద్దున నా షిఫ్ట్ల వచ్చి చేసుకొని, బస్సెక్కి పోయిండు. పెండ్లిల బిర్యానీ తినకుంట ఉంటడా?" అన్నాడు.

మార్చుకున్నారని అర్థమైంది. బంద్ అన్నా, పాత సిస్టరమ్మకు చెప్పినట్టే ఈమెకూ చెప్పి ఒప్పించి ఉంటారని, కాగితంలో ఉన్న పేరే ఆమె పిలిచిందని అనుకున్నాను. దుప్పటి పరుచుకుని పడుకున్నాను.

కొంతసేపటికి అతను మాట్లాడడం ఆపేశాడు. అది మామూలు విషయం కాదు కాబట్టి అటు చూశాను. వరసగా ఆవలింతలు తీస్తున్నాడు. నుదుటి మీద చెమట నీళ్లలా కారుతోంది. "సిస్టరమ్మా, కాళ్లు గుంజుతున్నయి," అన్నాడు, ఆ తర్వాత కళ్లు తేలేశాడు. ఆమె పరుగెత్తుకొచ్చి మంచం తలవైపు దించింది, నీరు లాగడం ఆపింది, సెలైన్ బాటిల్‌ను రెండు చేతులతో పిండింది. ఆయాను డాక్టరు కోసం తరిమింది.

"చాచా, చాచా, కండ్లు తెరువు," అని చెంప మీద తట్టింది.

"ఆయన చాచా కాదు," అన్నాను.

ఆమె నా వైపు చూసింది. ఫిల్టర్ మీద అంటించిన పేరు చూసింది. మాస్కు కిందికి లాగి అతని మొహం చూసింది. చాచా బరువు లెక్కన లాగిన నీరు ఇతనికి ఎక్కువైంది. సెలైన్ పిండుతూనే ఉంది.  అతను కళ్లు తెరిచాక, ఐసీయూకు తీసుకుపోయాక, మిగతా అందరి యంత్రాలూ ఒక్కొక్కటీ చూసి, వరండాలోకి పోయి గోడ వైపు తిరిగి నిలబడింది.

మర్నాటికి గొడవ పెద్దదైంది. ఫిల్లర్ కొడుకు గనిలో ఆపరేటర్. యూనియన్ మనిషిని వెంటబెట్టుకుని వచ్చి, పేరు కూడా అడగకుండా మా నాయనకు ఇంకొకరి ఫిల్టర్ ఎక్కించి చంపబోయిందని సూపరింటెండెంటుకు ఫిర్యాదు ఇచ్చాడు. పేరు పిలిచాను, పలికాడు అని ఆమె చెప్పింది. ఐసీయూలో మంచం మీద ఫిల్లర్‌ను అడిగితే, "నాకు యాదికి లేదు," అన్నాడు. కొత్తగూడెం నుంచి వచ్చిన చాచా, తాను పొద్దున అతని షిఫ్టులో చేసుకున్న మాట నిజమే అన్నాడు, ఏ పేరుకు పలికాడన్నది మాత్రం దాటేశాడు. మధ్యాహ్నం ఎవరు ఏం పలికారో తనకెలా తెలుస్తుంది? ఇద్దరికీ రక్తపరీక్షలు చేశారు. అదృష్టవశాత్తూ ఒకరినుంచి ఒకరికి అంటిందేమీ లేదు.

ఏజెన్సీ సూపర్‌వైజర్ వచ్చాడు. టై కట్టుకున్న కుర్రవాడు. విచారణ ఏమీ అక్కర్లేకుండానే, "ఆమెను మార్చేస్తాం సార్," అన్నాడట.

ఆ వారం నాకు సూదులు పెడుతూ ఆమె తనే చెప్పింది. నేను అడగలేదు.

"నన్ను తీసేసినా ఫికర్ లేదు తాతా. వేరే తాన దొరుకుతది, మా పనికి కరువు లేదు. కాని సర్కారు నర్సు పోస్టులకు కాంట్రాక్టు సర్వీసుకు మార్కులు కలుపుతరు. రెండేండ్ల సర్వీసు సర్టిఫికెట్ ఇక్కడిదే. తప్పు జేసిందని తీసేస్తె అది ఇయ్యరు. మా నాయనకు దమ్ము, బాయి పని ఇడిచి ఇంట్లనే ఉన్నడు. చెల్లె ఇంటర్. నాకు పర్మనెంట్ కావాలె."

"నువ్వు పిలవడం నేను విన్నాను. అతను పలకడం కూడా విన్నాను," అన్నాను.

"మరి చెప్తవా?"

"అడిగితే చెబుతాను."

నన్ను అడుగుతారని ఆమెకు నమ్మకం కలగలేదు. నాకూ లేదు. పైగా నేను చెప్పినా, దొర కొడుకు జీతగాడి కొడుకు మీద చెప్పాడన్నదే మిగులుతుంది. ఫిల్లర్ కొడుకు ఆ మాట అనడానికి క్షణం పట్టదు, యూనియన్ మనిషి దాన్ని పట్టుకుంటాడు, అసలు విషయం పక్కకు పోతుంది. ఆమెకు పనికొచ్చే మాట ఒకటే, అది ఫిల్లర్ నోట రావాలి. విచారణ సోమవారం పెట్టారు. ఆదివారం నేను ఫిల్లర్ ఉండే యైటింక్లైన్ కాలనీకి ఆటో ఎక్కాను.

వాళ్ల ఇంటికి మా ఇంటివాళ్లెవరూ అంతకు ముందు వెళ్లలేదు. రేకుల వాకిలి, మునగ చెట్టు, గోడకు ఆనించిన కొడుకు బండి. కొడుకు డ్యూటీకి పోయాడు. ఫిల్లర్ మంచంలో కూర్చుని ఉన్నాడు. అతని భార్య ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచింది.

"ఏం దొరా, తొవ్వ తప్పినవా?" అన్నాడు.

"నీతోనే పని ఉండి వచ్చిన."

"మా నాయనతోని పనుంటె కావలికారును పంపుతుండె మీ తాత."

"కావలికారు లేడు. నేనే వచ్చిన," అన్నాను.

అతని భార్య నవ్వు దాచుకోవడానికి లోపలికి పోయింది. నేను కుర్చీలో కూర్చున్నాను.

"నువ్వు పలికింది నేను విన్న," అన్నాను.

"వింటె విన్నవు. పోయి చెప్పు. సాక్ష్యం చెప్పనీకె గింత దూరం ఎందుకు?"

"నేను చెప్పుడు కాదు. నువ్వు చెప్పాలె."

"హుకుమా?"

"కాదు. అడుగుతున్న."

 లోపలికి వినపడేలా, "ఇన్నవా? దొర అడుగుతున్నడు," అన్నాడు.

"అడిగినప్పుడు సక్కగ జవాబియ్యి. ఎకిరిచ్చుడేంది?" అని లోపలినుంచి ఆమె అంది.

అతను గొంతు తగ్గించాడు. "నీకు తెల్వనిది కాదు. మస్టర్ల ఒకని పేరుకు ఇంకొకడు పలికితె ఏమైతుండె? నౌకరి పోతుండె. రేపు నేను పలికిన అంటె నా మెడికల్ కార్డు గుంజుకోరా? కార్డు పోతె డయాలసిస్ ఎక్కడ? నేను ఎన్ని రోజులు బతుకుత? పిలగాడు గందుకే అట్ల మాట్లాడుతున్నడు. వానికి గూడ తెలుసు నేనే పలికిన్నని."

అతని భయం ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. దవాఖానలో ఎవరూ దాన్ని ఊహించి ఉండరు. గనిలో చేసినవాడికి తప్ప అది భయంగా తోచదు.

"బాయి వేరు, ఇది వేరు. ఫిల్టర్ మార్చుకునేది కాదని నీకు తెలువదా? నా కిటికి కాడ ఒకని దీపం ఇంకొకనికి ఎన్నడన్న ఇచ్చిన్నా?"

"నీ కిటికి దాటినంక నీకేమెరుక?" అన్నాడు. అప్పుడు కాస్త నవ్వాడు. "లోపట ఎవని దీపం గుడ్డిగైతె వాడు పక్కోనిది గుంజుకుంటుండె. పైకొచ్చేటప్పుడు మళ్ల ఎవనిది వానికి."

"అన్ని ఏండ్లు నాకు తెలువలే."

"తెలువద్దనే గద."

అతని భార్య చాయ్ తెచ్చింది, కప్పు సగమే. నాకు ఎంత తాగవచ్చో ఆమెకు లెక్క తెలుసు. తాగి లేచాను.

"కార్డు సంగతి నేను అడుగుత," అన్నాను.

"ఎవరిని?"

"సూపరింటెండెంటును. నీ ముందటనే అడుగుత."

"నువ్వు ఎవరినన్న అడిగింది నేను ఎన్నడు సూడలే," అన్నాడు. అది వెక్కిరింపో కాదో నాకు తెలియలేదు. చెబుతాననీ అనలేదు, చెప్పననీ అనలేదు.

సోమవారం సూపరింటెండెంటు గది ముందు బల్ల మీద నేనూ కూర్చున్నాను. పిలవని చోటికి వెళ్లడం నాకు కొత్త. లోపల ఆపరేషన్ అయిపోయి ఆయన వచ్చేదాకా అందరం ఆగాం. ఆ తర్వాత ఫిల్లర్‌నూ, కొడుకునూ, యూనియన్ మనిషినీ, సిస్టర్‌నూ, ఏజెన్సీ కుర్రవాణ్ణీ పిలిచారు. వాళ్ల వెనకే నేనూ వెళ్లి నిలబడ్డాను.

"మీరెవరు?" అన్నాడు సూపరింటెండెంటు.

"రెండో షిఫ్టు పేషెంటును. ఒక్క మాట అడగాలి. ఇంకొకరి పేరుకు పలికితే మెడికల్ కార్డు పోతుందా?"

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. "కార్డు ఎందుకు పోతుంది? కార్డుకూ దీనికీ ఏం సంబంధం?"

"పోదని ఈయనకు చెప్పండి."

ఆయన విసుగ్గా ఫిల్లర్ వైపు తిరిగి, "కార్డు ఎక్కడికీ పోదయ్యా. నీ ప్రాణం పోయేది, అది చూసుకో," అన్నాడు.

 ఫిల్లర్ లేచి నిలబడ్డాడు. మస్టర్ క్లర్కు ముందు నిలబడినట్టు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నేనే పలికిన సార్. బిడ్డ చాచా పేరు పిలిచింది, నేను హాజర్ అన్న. ఆమెది ఏం తప్పు లేదు."

"నాయినా!" అన్నాడు కొడుకు.

"సప్పుడు జెయ్యకు. నిన్ను అడిగినప్పుడు మాట్లాడు."

యూనియన్ మనిషి ఫోను వచ్చినట్టు బయటికి పోయాడు. ఏజెన్సీ కుర్రవాడు మాత్రం, "అయినా సార్, కంప్లయింట్ వచ్చింది కాబట్టి మా రూల్ ప్రకారం మార్చాల్సి ఉంటుంది," అన్నాడు.

"మార్చి ఎవరిని పంపుతావు?"

"చూస్తాం సార్."

"ఎప్పటిలోగా? ఈ రోజు రెండో షిఫ్టుకు ఎవరు?"

కుర్రవాడు టై సవరించుకున్నాడు. అతని దగ్గర ఎవరూ లేరు. విచారణ అక్కడితో ముగిసింది. ఫిల్లర్ మాట వల్ల ఆమె సర్వీసు మీద మచ్చ పడలేదు. ఆమెను ఆ పనిలో ఉంచింది మాత్రం ఆ మాట కాదు, ఆమె చోటికి రావడానికి ఇంకో మనిషి లేకపోవడం.

ఆమె ఆ రోజు మధ్యాహ్నమే గదికి వచ్చింది. మరుసటి వారం ప్రతి మంచం పైన గోడకు రెండు షిఫ్టుల మనుషుల ఫోటోలూ అంటించింది. యంత్రం మీద చెయ్యి వేసే ముందు మాస్కు తీయించి మొహమూ ఫోటో పోల్చి చూసేది.

"గోడకు ఫోటో పెట్టినవు, మరి దండ ఎప్పుడు ఏస్తవు బిడ్డా?" అని అడిగాడు ఫిల్లర్.

"మళ్ల ఇంకొకరి పేరుకు పలుకు, ఆనాడే ఏస్త," అంది.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఆమె ఆ గదిని ఒంటిచేత్తో నడిపింది. ఒకసారి ఎవరినో తోడు ఇచ్చారు, ఆ అమ్మాయి పండగకు ఇంటికి పోయి మళ్లీ రాలేదు. నేను నొప్పి ఉన్నా చెప్పనని ఆమె త్వరగానే కనిపెట్టింది. నన్ను అడగడం మానేసి నా కాళ్లను చూసేది. దుప్పటి కింద వేళ్లు ముడుచుకుంటే వచ్చి నీరు లాగే వేగం తగ్గించేది. ఆ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సర్కారు పోస్టుల ఫలితాలు వచ్చాయి. సర్వీసు మార్కులు కలిసి ఆమెకు ఉద్యోగం వచ్చింది. పోస్టింగు మంచిర్యాలలో. మిఠాయి డబ్బా పట్టుకుని మంచం మంచానికీ వచ్చింది. షుగర్ ఉన్నవాళ్లు కూడా తీసుకున్నారు.

"మంచిగైంది బిడ్డా," అన్నాడు చాచా. ఆమె పక్క మంచానికి పోయాక, "హమారా క్యా?" మా గతేమిటి అని తన యంత్రాన్ని అడిగాడు.

ఆమె వెళ్లిన నెలలోనే రెండో షిఫ్టు ఆపేశారు. ఉన్న ఒక్క కొత్త అమ్మాయి రెండు షిఫ్టులు చెయ్యనని చెప్పింది. చెప్పడంలో తప్పేమీ లేదు. మాలో కొందరిని మొదటి షిఫ్టులో సర్దుతామని, ప్రయాణం చెయ్యగలిగినవాళ్లు మంచిర్యాల సర్కారు దవాఖానకు మారాలని చెప్పారు. ఎవరు చెయ్యలేరో వాళ్లే చెప్పుకోవాలి. చాచా చెప్పుకున్నాడు. ఇంకా చాలామంది చెప్పుకున్నారు.

వరండాలో ఫిల్లర్ నన్ను ఆపాడు. "చెయ్యలేనని ఒక్క మాట అనరాదు దొరా? ఈడనే ఉంటవు. నీకు నడుస్తనే దమ్మొస్తున్నది."

"చెయ్యగలను," అన్నాను.

"గా ఒక్క మాట మీ ఇంట్ల ఎవ్వరికి రాదు గద," అన్నాడు. తర్వాత, "సిస్టరు బిడ్డ ఆడనే ఉన్నదట. నేను అడిగిన్నని చెప్పు," అన్నాడు.

మంచిర్యాలకు మారిన మొదటి రోజు గోదావరి వంతెన దాటేటప్పుడు నదిలో నీళ్లు ఒక పక్కకు ఒదిగి ఉన్నాయి. నేను ఆమె గురించి ఆలోచించలేదంటే అబద్ధం. కొత్త గదిలో, కొత్త యంత్రం దగ్గర నా సంగతి తెలిసిన మనిషి ఒకరు ఉంటారన్న ధైర్యంతోనే ఆ ప్రయాణానికి ఒప్పుకున్నానేమో.

డయాలసిస్ గదిలో ఆమె లేదు. అడిగితే టెక్నీషియన్ చెప్పాడు, కాన్పుల వార్డులో వేశారట. అక్కడ నర్సులు ఇంకా తక్కువ. డయాలసిస్ పని వచ్చినామె కదా అన్నాను. "వచ్చినా ఏం జేస్తరు సార్, ఆడ ఎవలన్న ఉండాలె గద," అన్నాడు. ఓపికున్న కుర్రవాడే. పేరు అడిగాడు, ఆధార్ కార్డు చూశాడు, సూదులు పెట్టాడు. నేను మొహం తిప్పుకోలేదు.

సగం సమయం గడిచాక ఆమె వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి, నా మంచం దగ్గరికి వచ్చి, చేతి మీద రక్తనాళాన్ని వేళ్లతో తాకి లోపలి కంపనం చూసింది.

"వచ్చినవా తాతా? ఎట్లున్నరు అందరు?"

"బాగున్నారు. ఫిల్లర్ అడిగాడని చెప్పమన్నాడు."

నవ్వింది. దుప్పటి చివర ఎత్తి నా పాదాలు చూసి, టెక్నీషియన్‌ను పిలిచింది. "అన్నా, ఈయనకు నీళ్లు జర నెమ్మదిగ గుంజు. నొప్పైనా నోరు తెరిచి చెప్పడు."

ఇంకా ఏదో చెప్పబోయింది. పై అంతస్తు నుంచి ఆయా కేక వేసింది, ఎవరికో నొప్పులు ఎక్కువయ్యాయట. చెప్పులు చేతిలో పట్టుకునే మెట్ల వైపు పరుగెత్తింది. మళ్లీ వస్తానని చెప్పలేదు. చెప్పే వీలున్న మనిషి కాదు.

టెక్నీషియన్ నా యంత్రం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ గదిలో అతని మీద ఆధారపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు, నా పాదాలు చూస్తూ కూర్చునే తీరిక అతనికి ఎప్పటికీ ఉండదు.

"సార్, కాళ్లు గుంజుతున్నయా?" అని అడిగాడు.

"గుంజుతున్నయి," అన్నాను.